హెమిస్ నేషనల్ పార్క్: మంచు చిరుతల లోయలోకి వెళ్లేముందు తెలియాల్సినవి

లడఖ్ వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లు తిరగేస్తే పాంగాంగ్ సరస్సు, ఖర్దుంగ్ లా దగ్గరి బోర్డు, నుబ్రాలో రెండు మూపురాల ఒంటెలు తప్పకుండా కనిపిస్తాయి. హెమిస్ నేషనల్ పార్క్ మాత్రం చాలా తక్కువ మంది ఫోన్లలో ఉంటుంది. అది దూరమై కాదు. లేహ్ బజారు మేడల మీద నిలబడి దక్షిణం వైపు చూస్తే సింధు నది అవతల మంచు కప్పుకున్న కొండల వరస కనిపిస్తుంది. పార్క్ ఆ వైపే. కాకపోతే అక్కడ జీపు సఫారీ లేదు, గేటు దగ్గర టికెట్ కొని గంటలో చూసొచ్చే ఏర్పాటూ లేదు. కాళ్ల మీద నడవాలి, అదీ గాలి పల్చగా ఉండే ఎత్తులో.

ఇంకో తికమక కూడా ఉంది. లేహ్‌కు ఆగ్నేయంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో హెమిస్ అనే పేరున్న పెద్ద బౌద్ధ ఆరామం ఉంది. 17వ శతాబ్దంలో లడఖ్ రాజు సెంగే నమ్‌గ్యాల్ కాలంలో వెలిగిన ఆరామం అది. పార్క్‌కు పేరు దాని నుంచే వచ్చింది. టాక్సీలో ఆ ఆరామానికి వెళ్లొచ్చి ‘హెమిస్ పార్క్ చూసేశాం’ అనుకునేవాళ్లు చాలామందే. ఆరామం ఉన్నది పార్క్ అంచున. జంతువులుండే లోయల్లోకి దారులు వేరే చోట్ల నుంచి ఉంటాయి: స్పితుక్ దాటాక వచ్చే జింగ్‌చెన్, జన్‌స్కార్ నది ఒడ్డున ఉన్న చిలింగ్, స్టోక్ గ్రామం, అటు చివర షాంగ్ సుమ్దో.

పార్క్ లోపలే ఊళ్లు

1981లో దీన్ని జాతీయ పార్క్‌గా ప్రకటించారు. మొదట 600 చదరపు కిలోమీటర్ల దాకా ఉండేది. తర్వాత రెండు విడతల్లో పెంచి 4,400 చదరపు కిలోమీటర్లు చేశారు. దేశంలోని జాతీయ పార్కుల్లో ఇదే పెద్దది. కింది లోయలు 3,000 మీటర్ల దగ్గర మొదలైతే శిఖరాలు 6,000 మీటర్లు దాటతాయి. రుంబక్, సుమ్దా, మార్ఖా వాగుల పరీవాహక ప్రాంతమంతా ఇందులోకే వస్తుంది. హిమాలయాల ప్రధాన శ్రేణి వానమబ్బుల్ని అడ్డుకోవడంతో ఇక్కడ వాన దాదాపు ఉండదు. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడేది 100 మిల్లీమీటర్ల దగ్గరే, అంటే హైదరాబాద్‌లో ఒక్క గట్టి వానరోజు పడేంత. అందుకే ‘నేషనల్ పార్క్’ అనగానే పచ్చని అడవిని ఊహించుకుని వెళ్తే నిరాశే. కొండలన్నీ బోడిగా, గోధుమ, ఊదా, తుప్పు రంగుల్లో ఉంటాయి. పచ్చదనమంతా వాగు వెంట సన్నని చారలాగా ఉంటుంది: విల్లో చెట్లు, అడవి గులాబీ పొదలు, నారింజ రంగు పుల్లని కాయలు కాసే సీబక్‌థార్న్ ముళ్ల పొదలు, మధ్యమధ్య బార్లీ మడులు.

ఆ మడులెవరివి? పార్క్ లోపల కాపురమున్నవాళ్లవే. చిన్న చిన్న ఊళ్లలో దాదాపు 1,600 మంది ఉంటారని అంచనా. వాళ్ల గొర్రెలు, మేకలు, యాక్‌లు, యాక్‌కు ఆవుకు పుట్టిన జో పశువులు అవే కొండల మీద మేస్తాయి. నల్లమలలో పులుల కోసం చెంచు పెంటలను బయటికి తరలించాలా వద్దా అన్న వాదన ఏళ్లుగా నడుస్తోంది. హెమిస్‌లో ఊళ్లు ఊళ్లుగానే ఉండిపోయాయి, మంచు చిరుతా ఉండిపోయింది. ఇది దానంతటదే జరగలేదు. దాని వెనక కొంత కథ ఉంది.

దొడ్డి మీద వల

మంచు చిరుతను ఉర్దూలో బర్ఫానీ చీతా అంటారు, లడఖీలో షాన్. బూడిదరంగు ఒంటి మీద నల్లని మచ్చలు, ఒంటి పొడవుకు కొంచెం తక్కువగా, మీటరు దాకా సాగే మందపాటి తోక. పులిలా, సింహంలా గర్జించలేదు. మనిషి మీద దాడి చేసిన సంఘటనలు దాదాపు లేవు. మనిషిని చూస్తే రాళ్లలో కలిసిపోతుంది. దాని అసలు ఆహారం కొండగొర్రెలు. కానీ చలికాలం రాత్రి ఊళ్లోకి దిగి పశువుల దొడ్డి పైకప్పులోని కంత గుండా లోపలికి దూకిందంటే సంగతి వేరు. నాలుగు గోడల మధ్య ఇరుక్కున్న గొర్రెలు బెదిరి అటూ ఇటూ పరుగెత్తుతాయి. అవి కదులుతున్నంతసేపు అది చంపుతూనే ఉంటుంది. ఒక్క రాత్రిలో పదుల సంఖ్యలో జీవాలు పోయిన ఇళ్లున్నాయి. ఉన్న ఆస్తంతా ఆ మందే అయిన కుటుంబానికి తెల్లారేసరికి ఏమీ మిగలదు. కడుపు మండిన ఊరివాళ్లు దొడ్డిలోనే చిక్కుకున్న చిరుతను రాళ్లతో కొట్టి చంపిన రోజులవి. తోడేళ్ల కోసమైతే రాతితో గుంటలే కట్టేవాళ్లు, లడఖీలో షాంగ్‌దోంగ్ అంటారు. లోపల ఎరను ఉంచితే దూకిన తోడేలు వాలు గోడలెక్కి బయటికి రాలేదు. పాతబడిన అలాంటి గుంటలు లడఖ్‌లో ఇప్పటికీ కనిపిస్తాయి.

దీనికి విరుగుడు చాలా మామూలుది: దొడ్డి పైకప్పు మీద గట్టి ఇనుప వల, బలమైన తలుపు. 2000 తర్వాత స్నో లెపర్డ్ కన్జర్వెన్సీ అనే సంస్థ, దానిలో పనిచేసిన లడఖీ రించెన్ వాంగ్‌చుక్ ఊరూరా తిరిగి ఈ దొడ్లు బాగుచేయించారు. సామాను సంస్థది, పని ఊరివాళ్లది. దానితోపాటే రెండో ఏర్పాటు మొదలైంది. ట్రెక్కింగ్‌కు వచ్చేవాళ్లు అప్పటిదాకా లేహ్‌లో ఏజెన్సీకి డబ్బు కట్టి, గుడారాలు, బియ్యం, వంటవాడు అన్నీ వెంట తెచ్చుకుని లోయల్లో నుంచి వెళ్లిపోయేవాళ్లు. గుర్రాలు ఊరివాళ్ల పచ్చిక మేసేవి, ఊరికి దక్కేది చెత్త. అతిథుల్ని ఇళ్లలోనే ఉంచుకునే హోమ్‌స్టే పద్ధతి వచ్చాక ఆ డబ్బు నేరుగా ఇంటి ఆడవాళ్ల చేతికి రావడం మొదలైంది. చాలా ఊళ్లలో వంతులుంటాయి. ఒక ఇల్లు బాగుందని అందరూ అక్కడికే పోకుండా, అతిథులు వచ్చిన వరసలో ఇళ్లకు పంచుకుంటారు. రేటు కూడా ఊరంతా ఒకటే.

ఇలా చూస్తే లోయలో ఒక చిరుత తిరగడమంటే చలికాలమంతా అతిథులు రావడం. రెండు గొర్రెలు పోతే బాధే, కానీ చిరుత పోతే ఊరికే నష్టం. రుంబక్ లాంటి ఊళ్లలో ఒకప్పుడు చిరుతను తరిమినవాళ్ల పిల్లలే ఇప్పుడు స్పాటర్లుగా పనిచేస్తూ, మైలు దూరంలోని బండరాయి మీద కదిలిన తోకను టెలిస్కోపులో పట్టి చూపిస్తున్నారు. 2024 జనవరిలో విడుదలైన దేశవ్యాప్త లెక్కలో భారత్‌లో 718 మంచు చిరుతలున్నట్లు తేలింది. అందులో 477 లడఖ్‌లోనే. 2021లో లడఖ్ దీన్ని తమ అధికారిక జంతువుగా ప్రకటించుకుంది కూడా. హెమిస్‌కు వెళ్లేవాళ్లు గుడారమా, ఊరి ఇల్లా అని ఎంచుకునేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకుంటే మంచిది. ఇంటి బస కేవలం సౌకర్యం కాదు, దొడ్డి మీది వల ఎంతో అదీ అంతే.

కష్టాలు తీరిపోయాయనీ కాదు. ఊరకుక్కల గుంపులు పెద్ద బెడదగా మారాయి. టూరిస్టు క్యాంపుల దగ్గర, సైనిక శిబిరాల దగ్గర పారేసిన తిండి తిని పెరిగిన కుక్కలు ఇప్పుడు కొండల్లో జీవాల్ని, అడవి జంతువుల్ని వేటాడుతున్నాయి. మిగిలిన అన్నం కుక్కకు పెట్టడం హైదరాబాద్‌లో పుణ్యం కావచ్చు, అక్కడ కాదు.

ఇంకేం కనిపిస్తాయి

చిరుత కోసమే వెళ్తే ఖాళీగా తిరిగొచ్చే అవకాశం బాగానే ఉంటుంది. వారం, పది రోజులు రుంబక్‌లో కాపు కాసి కూడా కేవలం అడుగుజాడలు, నేల మీద కాలితో గీకిన గుర్తులు చూసి వచ్చినవాళ్లున్నారు. కానీ హెమిస్‌లో చూడదగ్గది అదొక్కటే కాదు. కొండల్లో బతికే నాలుగు రకాల అడవి గొర్రె, మేక జాతులు ఒకే పార్క్‌లో ఉండటం అరుదు. నీలిబూడిద రంగు భరల్ గుంపులు అందరికీ కనిపిస్తాయి. నిట్టనిలువు రాతిగోడ మీద అవి నడిచే తీరు చూసి తీరాలి. పొడవైన కొడవళ్లలాంటి కొమ్ముల ఐబెక్స్, నది దగ్గరి తక్కువ ఎత్తుల్లో ఉండే షాపో, అన్నిటికన్నా పెద్దదైన న్యాన్ మిగతా మూడు. న్యాన్ కనిపిస్తే అదృష్టమే. వేసవిలో గడ్డి మైదానాల్లో పిల్లి కన్నా బొద్దుగా ఉండే మార్మోట్‌లు కలుగు ముందు నిటారుగా నిలబడి ఈలలు వేస్తాయి. నక్కలు, చెవులు చిన్నగా ఉండే ఎలుకల్లాంటి పికాలు, అప్పుడప్పుడు తోడేలు.

పక్షుల్లో గడ్డపు రాబందు ప్రత్యేకం. మిగతా రాబందులు మాంసం తిని వదిలేసిన ఎముకల్ని ఇది ఎత్తుకెళ్లి రాళ్ల మీద జారవిడిచి పగలగొట్టి తింటుంది. బంగారు గద్ద, చుకార్ కౌజులు, పెద్ద కోడి అంత ఉండే స్నోకాక్, ఎర్ర ముక్కు చఫ్ కాకులు దారి పొడవునా ఉంటాయి. బైనాక్యులర్ లేకుండా వెళ్లడం దండగ.

ఏ కాలంలో

పార్క్‌కు రెండు వేర్వేరు సీజన్లున్నాయి, రెండింటికీ వచ్చే మనుషులూ వేరు. నడక కోసమైతే జూన్ చివరి నుంచి సెప్టెంబర్ మధ్య వరకు. కనుమలు తెరిచి ఉంటాయి, పగలు ఎండ కాస్తుంది, రాత్రి స్వెటర్ సరిపోతుంది. చిరుత కోసమైతే జనవరి నుంచి మార్చి. పైన మంచు పేరుకోవడంతో భరల్‌లు కిందికి దిగుతాయి, వాటి వెనకే చిరుత. అది జతకట్టే కాలం కూడా కావడంతో ఎక్కువ తిరుగుతుంది. కానీ రాత్రి చలి సున్నాకు 20 డిగ్రీల కిందికి పడిపోతుంది. సీసాలో నీళ్లు గడ్డకడతాయి, కెమెరా బ్యాటరీ గంటలో చచ్చిపోతుంది, అందుకే దాన్ని లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. ఆదిలాబాద్ చలిని తట్టుకున్నాం కదా అనుకుని వెళ్లేవాళ్లకు అక్కడి మొదటి రాత్రే అర్థమైపోతుంది. జీవితంలో మొదటిసారి ఎత్తుకు వెళ్తున్నవాళ్లకు వేసవే సరైనది.

ఊపిరి సంగతి

హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది, లేహ్ 3,500 మీటర్లలో. పొద్దున ఢిల్లీలో విమానమెక్కితే గంటన్నర లోపే లేహ్‌లో దిగుతారు. ఒంటికి ఆ సంగతి తెలియదు. గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా 21 శాతమే, కానీ గాలి ఒత్తిడి తగ్గడం వల్ల ఒక్కో శ్వాసలో అందేది సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. మార్ఖా లోయ చివర 5,200 మీటర్ల కనుమ దగ్గరకు వచ్చేసరికి అది సగానికి కొంచెం పైన ఉంటుంది.

ఈ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి టైమ్ పడుతుంది, దానికి అడ్డదారి లేదు. విమానంలో దిగినవాళ్లు లేహ్‌లో కనీసం రెండు పూర్తి రోజులు, వీలైతే మూడు, ఏమీ చేయకుండా ఉండాలి. మొదటి రోజు మెట్లెక్కడం కూడా వద్దు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నాలుగు రోజుల సెలవు దొరికిందని దిగిన మర్నాడే ఖర్దుంగ్ లాకు బండెక్కుతారు. దిగిన రోజు ఒంట్లో హుషారుగానే ఉంటుంది. కొండ జబ్బు మొదలయ్యేది సాధారణంగా కొన్ని గంటల తర్వాత, ఎక్కువగా ఆ రాత్రే.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం దాని తొలి గుర్తులు. ఇవి ఉన్నంతవరకు ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గేదాకా అక్కడే ఉండాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. అసలు ప్రమాదం తర్వాతి దశలో. కూర్చున్నా ఆయాసం, తడి దగ్గు, నురగతో గులాబీ రంగు కఫం వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మాట తడబడటం, మతిమరుపు, తాగినవాడిలా తూలడం మెదడు వాపుకు గుర్తులు. ఆ మనిషిని సరళరేఖ మీద పాదం ముందు పాదం పెట్టి నడవమంటే నడవలేడు. ఈ రెండూ గంటల్లో ప్రాణం తీస్తాయి. తెల్లారాక చూద్దామని ఆగకుండా అర్ధరాత్రైనా కిందికి దింపాలి. ఆక్సిజన్, మందులు దారిలో సాయం చేస్తాయి గానీ దిగడానికి బదులు కావు. లేహ్‌లోని సోనమ్ నోర్బూ మెమోరియల్ ఆస్పత్రిలో దీనికి చికిత్స ఉంటుంది, అక్కడి డాక్టర్లకు ఇది రోజువారీ పని.

డయమాక్స్ అని మందుల షాపుల్లో దొరికే ఎసిటజోలమైడ్ మాత్ర ఒళ్లు త్వరగా అలవాటు పడటానికి సాయపడుతుంది. ఎక్కడానికి ఒకరోజు ముందు నుంచి వేసుకోవడం పద్ధతి. కానీ సల్ఫా మందులు పడనివాళ్లకు ఇది సరిపడకపోవచ్చు. షాపువాడిని కాదు, డాక్టర్ని అడిగి వాడాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు బయల్దేరే ముందే పరీక్ష చేయించుకోవాలి. సికిల్ సెల్ జబ్బు, లేదా దాని వాహక లక్షణం ఉన్నవాళ్లకు కూడా ఎత్తు ప్రమాదమే. తెలంగాణ, ఆంధ్ర ఏజెన్సీ ప్రాంతాలవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ గడ్డకట్టకుండా ఒంటి దగ్గర పెట్టుకోవాలి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే తీసుకెళ్లొచ్చు. అయితే లేహ్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా మొదట్లో అది 90 లోపే చూపించడం మామూలే. అంకె చూసి హడలిపోవడం కన్నా, అంకె బాగుందని తలనొప్పిని పట్టించుకోకపోవడం కన్నా, మనిషి ఎలా ఉన్నాడో చూడటం ముఖ్యం.

3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్ల కన్నా ఎక్కువ పెంచకూడదన్నది పర్వతారోహకుల లెక్క. మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగాలి. పగలు ఎంత పైకి నడిచినా రాత్రికి దిగి పడుకుంటే ఇబ్బంది తక్కువ. మద్యం, నిద్రమాత్రలు వద్దు.

శ్రీనగర్ నుంచి రోడ్డున వెళ్తే 400 కిలోమీటర్ల పైచిలుకు. జోజి లా దాటి, ద్రాస్, కార్గిల్ మీదుగా సాధారణంగా రెండు రోజుల ప్రయాణం. కార్గిల్ 2,700 మీటర్ల దగ్గర ఉండటంతో అక్కడ ఒక రాత్రి పడుకుంటే ఎత్తు మెట్టుమెట్టుగా అలవాటవుతుంది. మనాలి దారి అందంగా ఉన్నా, మధ్యలో 5,000 మీటర్లు దాటిన కనుమలున్నాయి, రాత్రి మకాం కూడా చాలా ఎత్తులో పడుతుంది. కొత్తవాళ్లకు శ్రీనగర్ దారే నయం.

మార్ఖా లోయ నడక

పార్క్‌లో ఎక్కువమంది నడిచే దారి ఇదే. చిలింగ్ దగ్గర జన్‌స్కార్ దాటి స్కియూ, మార్ఖా, హంకర్ ఊళ్ల మీదుగా నిమాలింగ్ పచ్చిక మైదానం చేరి, కొంగ్మారు లా కనుమ దాటి షాంగ్ సుమ్దోలో దిగుతారు. ఆరు రోజులు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. జింగ్‌చెన్, రుంబక్ వైపు నుంచి 4,900 మీటర్ల గండా లా దాటి స్కియూలో కలిసే పాత దారికైతే ఇంకో రెండు రోజులు కావాలి. చిలింగ్ నుంచి రోడ్డు ఏటేటా లోయ లోపలికి పాకుతోంది. ఊరి పిల్లల చదువుకు, రోగులకు అది వరం. నడిచేవాళ్లు మాత్రం మొదటి రోజు దుమ్ము మింగాల్సి వస్తోంది.

తొలి మూడు రోజులు వాగు వెంటే, పెద్ద కష్టం లేని నడక. మధ్యమధ్య పాత సైనిక పారాషూట్ గుడ్డతో వేసిన గుండ్రని టీ కొట్లు వస్తాయి. ఊరి ఆడవాళ్లు నడుపుతారు, టీ, మ్యాగీ, బిస్కెట్లు దొరుకుతాయి. ఉమ్లుంగ్ దగ్గర కొండ కొమ్మున గూడులా అతుక్కున్న టెచా గోంపా కనిపిస్తుంది. హంకర్ దాటాక 6,400 మీటర్ల కాంగ్ యాత్సే శిఖరం ఎదురొస్తుంది. నిమాలింగ్ 4,700 మీటర్ల పైనే ఉంటుంది. వేసవిలో మార్ఖా లోయవాళ్ల మందలు అక్కడే. ఆగస్టులో కూడా రాత్రి మంచు పడొచ్చు. ఊరు లేదు గనుక గుడారాల్లోనే పడుకోవాలి. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం చాలామందికి మామూలే.

వాగులు దాటడం గురించి ఒక మాట. పొద్దున మోకాలి లోపు ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి తొడల దాకా వస్తాయి, పైన ఎండకు హిమానీనదాలు కరగడం వల్ల. అందుకే దాటాల్సిన వాగుల్ని ఉదయాన్నే దాటాలి. ఎండాకాలంలో మబ్బు కమ్మితే వాగు ఒడ్డున గుడారం వేయొద్దు. వాన పడని దేశమే అయినా, 2010 ఆగస్టులో లేహ్ మీద ఒక్క రాత్రి కురిసిన కుంభవృష్టికి 200 మందికి పైగా చనిపోయారు. చెట్టు లేని కొండ నీటిని ఆపదు, బురదగా మారి దిగుతుంది.

పార్క్‌లోకి వెళ్లేందుకు వన్యప్రాణి శాఖకు ఫీజు కట్టాలి, రసీదు దగ్గర ఉంచుకోవాలి. లడఖ్‌లో పర్యాటకుల నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి లేహ్ చేరాక టూరిస్టు ఆఫీసులోనో, నమ్మకమైన ట్రావెల్ ఏజెంటు దగ్గరో అడిగి చూసుకోవడం మేలు. దారి తెలిసిన స్థానిక గైడ్ లేకుండా కొత్తవాళ్లు కనుమలు దాటొద్దు.

భాష, భోజనం, నమాజ్

ఉర్దూ వచ్చినవాళ్లకు లడఖ్‌లో భాష సమస్యే కాదు. జమ్మూకశ్మీర్‌లో భాగంగా ఉన్న రోజుల నుంచి బడుల్లో, రెవెన్యూ ఆఫీసుల్లో ఉర్దూ నడిచింది, ఇప్పటి కేంద్రపాలిత ప్రాంతపు అధికార భాషల్లోనూ ఉంది. హైదరాబాదీ దక్కనీ యాసకు నవ్వుతారేమో గానీ అర్థం చేసుకుంటారు. లడఖీలో నేర్చుకోవాల్సిన మాట ఒక్కటే, ‘జూలే’. నమస్కారానికీ, థాంక్స్‌కూ, వెళ్లొస్తామనడానికీ అదే. ఇంటి పెద్దావిడను ‘ఆమా లే’ అనాలి. ఆ ‘లే’ మన ‘గారు’, ఉర్దూ ‘జీ’ లాంటిది, అది లేకుండా పిలవడం మర్యాద కాదు.

లేహ్ ప్రధాన బజారులోనే 17వ శతాబ్దంలో కట్టిన జామా మసీదు ఉంది. మధ్య ఆసియా, కశ్మీర్ వ్యాపారులు యార్కండ్ దారిలో ఇక్కడికి వచ్చి, స్థానిక కుటుంబాల్లో పెళ్లిళ్లు చేసుకుని స్థిరపడ్డారు. వాళ్ల సంతతిని అర్గోన్‌లు అంటారు. మసీదు వెనక సందులో తందూర్ రొట్టెల బట్టీలు పొద్దున్నే మొదలవుతాయి. పట్టణంలో హలాల్ హోటళ్లకు కొదవ లేదు. లోయలోపలి ఊళ్లు మాత్రం బౌద్ధులవి. భోజనం ఎక్కువగా శాకాహారమే: తుక్పా, బార్లీ లేదా గోధుమ పిండి ముద్దలతో చేసే స్క్యూ, ఖంబీర్ రొట్టె, మన సత్తుపిండిలాంటి వేయించిన బార్లీ పిండి, ఉప్పు వెన్న కలిపిన టీ. కావాలంటే అన్నం పప్పు వండిపెడతారు. పండగ రోజుల్లో చాంగ్ అనే బార్లీ బీరు ఇవ్వబోతారు, వద్దంటే ఎవరూ బలవంతపెట్టరు.

ఖిబ్లా విషయంలో ఒక తేడా గమనించాలి. హైదరాబాద్‌లో అది పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటే, లేహ్‌లో పడమరకు కొంచెం దక్షిణంగా ఉంటుంది. అలవాటు కొద్దీ నిలబడకుండా కంపాస్ చూసుకోవాలి. వేసవిలో అక్కడ పగలు మన దగ్గరికన్నా గంటకు పైగా ఎక్కువ కాబట్టి నమాజ్ టైమ్‌లూ మారతాయి.

ఇళ్లలో మరుగుదొడ్డి పొడిది. నీళ్లు పోయరు, పక్కనున్న మట్టి, బూడిద పారతో వేయాలి. అది ఏడాది తర్వాత పొలానికి ఎరువు. అందులో ప్లాస్టిక్, న్యాప్‌కిన్లు వేస్తే ఆ ఎరువు పనికిరాదు. వాటిని సంచిలో కట్టి లేహ్‌కు వెనక్కి తెచ్చుకోవాలి. శుభ్రతకు నీళ్లు కావాలనుకునేవాళ్లు ఒక చిన్న సీసా దగ్గర పెట్టుకుని, నీళ్లు వాగుకు దూరంగా బయట వాడుకుంటే ఇంటివాళ్లకు ఇబ్బంది ఉండదు.

బయల్దేరే ముందు

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లడఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. లోయల్లోకి వెళ్లాక చాలా చోట్ల అదీ పనిచేయదు. కాబట్టి ఫలానా రోజుకు బయటికి వస్తామని లేహ్‌లో ఎవరికైనా చెప్పి వెళ్లాలి. నోట్లు సరిపడా ఉంచుకోవాలి, ఊళ్లలో ఏటీఎం లేదు. నల్ల కళ్లద్దాలు షోకు కోసం కాదు. మంచు మీద ఎండకు కళ్లు మంటలెత్తి ఒకటి రెండు రోజులు కనపడకుండా పోయే ప్రమాదముంది. బూట్లు కొత్తవి అక్కడే తొడగకుండా, ఇక్కడే నెల రోజులు వాడాలి. అనంతగిరి కొండల్లోనో, నల్లమల అంచున ఫరహాబాద్ వైపో వీపున బరువుతో నాలుగైదు ఆదివారాలు నడిస్తే కాళ్లు సిద్ధమవుతాయి. ఊపిరి మాత్రం లేహ్‌లోనే సిద్ధమవ్వాలి.

జంతువు కనిపిస్తే దగ్గరికి పోవద్దు, గైడ్ ఆపినచోటే ఆగాలి. చిరుత వేటాడిన జీవం దగ్గర కెమెరాలు గుమిగూడితే అది తిండి వదిలేసి వెళ్లిపోతుంది, ఆ చలిలో మళ్లీ వేటాడాలంటే దానికి రోజులు పడుతుంది. డ్రోన్లు అసలే వద్దు.

లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున పూటే ఉంటాయి, మధ్యాహ్నం గాలులు పెరుగుతాయి. మబ్బు, మంచు వస్తే రద్దవడం మామూలే, చలికాలంలో మరీను. షాంగ్ సుమ్దోలో నడక ముగిసిన మర్నాడే హైదరాబాద్‌కు టికెట్ పెట్టుకోవద్దు, మధ్యలో రెండు రోజులు వదిలి బుక్ చేసుకోవాలి.